పరాయి దేశంలో బడిపంతులు

ఒక దేశంలో చదివి, బి.ఇడి. వంటి శిక్షణ పొంది, మరో దేశపు పాఠశాలలో జీతానికి పాఠాలు చెప్పే వృత్తిని గురించిన వ్యాసమిది. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే అధ్యాపకులు, వారాంతాల్లో స్వచ్ఛందంగా మాతృభాష నేర్పేవారు దీని పరిధిలోకి రారు. అవసరమైన చోట మాత్రం వారి ప్రస్తావన వస్తుంది. డాక్టర్లు, నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వలస గురించి మనం మాట్లాడుకున్నంతగా టీచర్ల వలస గురించి మాట్లాడుకోం. నర్సు చూసే రోగి కొద్ది రోజుల్లో ఇంటికి వెళ్లిపోతాడు. టీచరు చేతిలో పిల్లలు ఏడాది పొడవునా ఉంటారు. కాబట్టి ఈ వలస మంచిచెడ్డలు ఒక తరం మీద పడతాయి.

బయటి దేశాల నుంచి టీచర్లను పిలిపించుకునే దేశాలు స్థూలంగా రెండు రకాలు. తన టీచర్లను తాను తయారుచేసుకునే దాకా చేయూత కోసం పిలిచేది మొదటి రకం. తన పౌరులు వద్దంటున్న ఉద్యోగాన్ని నింపుకోవడానికి పిలిచేది రెండో రకం. వెళ్లే టీచరుకు ఈ తేడా మొదట్లో కనిపించదు. రెండు చోట్లా అదే నల్లబల్ల, అవే లెక్కలు. ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుంది, గౌరవం ఎంత దక్కుతుంది, వెళ్లిపోయాక బడిలో ఏం మిగులుతుంది అన్నవి మాత్రం చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడతాయి.

పాత దారులు

మొదటి రకానికి పాత ఉదాహరణ మెయిజీ కాలపు జపాన్. 1868 తర్వాత అక్కడి ప్రభుత్వం పాశ్చాత్య శాస్త్రాలు నేర్పడానికి విదేశీయులను పెద్ద జీతాలిచ్చి రప్పించుకుంది. అమెరికన్ విలియం ఇలియట్ గ్రిఫిస్ 1871లో ఫుకుయి పట్టణానికి వచ్చి విజ్ఞానశాస్త్రం బోధించాడు. రచయితగా పేరుపడిన లాఫ్కాడియో హెర్న్ 1890లో మత్సుయే పట్టణపు బడిలో ఇంగ్లిష్ టీచరుగా చేరాడు. జపాన్ ఈ ఏర్పాటును ఎప్పుడూ శాశ్వతం అనుకోలేదు. ఒకవైపు విదేశీయుల చేత పాఠాలు చెప్పిస్తూనే, మరోవైపు తన విద్యార్థులను యూరప్‌కు పంపింది. హెర్న్ తర్వాతి రోజుల్లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పాడు. 1903లో ఆయన స్థానంలోకి వచ్చినవాడు లండన్‌లో చదివి వచ్చిన నత్సుమే సోసేకి. ఆధునిక జపనీస్ నవలకు పెద్దదిక్కు అనిపించుకున్నది ఆయనే.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఫిలిప్పీన్స్ కథ. స్పెయిన్ నుంచి ఆ దీవులను చేజిక్కించుకున్న అమెరికా, 1901 ఆగస్టులో థామస్ అనే సైనిక నౌకలో దాదాపు 500 మంది టీచర్లను మనీలాకు పంపింది. ఆ ఓడ పేరుమీద వాళ్లను థామసైట్లు అంటారు. ఇక్కడ పిలుపు ఎవరిదీ కాదు, పాలకుడు పంపితే వచ్చారు. ఊరూరా ఇంగ్లిష్ బడులు వెలిశాయి. స్థానిక టీచర్లకు శిక్షణ కూడా ఆ భాషలోనే జరిగింది. దాదాపు వందేళ్ల తర్వాత ఫిలిప్పీన్స్ టీచర్లు, ఆ ఇంగ్లిషు పుణ్యాన, అమెరికా ప్రభుత్వ బడుల్లో ఖాళీలు నింపడానికి విమానాలెక్కారు. వారి అనుభవం గురించి ముందు ముందు చెప్పుకోవాలి.

అరబ్బు దేశాల మధ్య సాగిన వలస మరో దారి. చమురు సంపద రాకముందే, 1936లో, కువైట్ నలుగురు పాలస్తీనా టీచర్లను పిలిపించుకుని తన ఆధునిక బడులకు పునాది వేసుకుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు గల్ఫ్ దేశాల ప్రభుత్వ బడులు ఈజిప్ట్, పాలస్తీనా, జోర్డాన్ టీచర్ల మీదే నడిచాయి. భాష ఒకటే కావడం వల్ల ఇక్కడ మనవాళ్లకు చోటు దొరకలేదు. భారతీయ టీచర్లు గల్ఫ్‌కు చేరింది వేరే వాకిలి గుండా.

ఇథియోపియా

భారతీయ టీచరు పేరు ఒక దేశపు చదువుతో విడదీయలేనంతగా ముడిపడిన చోటు ఇథియోపియా. ఆ దేశ నాయకులు, అధికారులు భారతీయులను కలిసినప్పుడు తమకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన భారతీయ మాస్టారిని గుర్తు చేసుకోవడం పరిపాటి.

అక్కడ విదేశీ టీచర్లు కొత్త కాదు. రెండో మెనెలిక్ చక్రవర్తి 1908లో అడిస్ అబాబాలో తొలి ప్రభుత్వ ఆధునిక పాఠశాల తెరిచినప్పుడు పాఠాలు చెప్పింది ఈజిప్ట్ నుంచి వచ్చిన కాప్టిక్ క్రైస్తవులు. 1925లో తఫారి మకొన్నెన్ పాఠశాల ఫ్రెంచ్ పద్ధతిలో మొదలైంది. 1935లో ఇటలీ దండెత్తింది. అయిదేళ్ల ఆక్రమణ కాలంలో, ముఖ్యంగా 1937 ఫిబ్రవరిలో జరిగిన ఊచకోత సమయంలో, చదువుకున్న యువకులను ఏరి ఏరి చంపారు. 1941లో చక్రవర్తి హైలే సెలాసీ తిరిగి సింహాసనం ఎక్కేసరికి బడులు నడపడానికి చదువుకున్న మనుషులే కరువయ్యారు. విదేశీ టీచర్ల కోసం ఆయన అంతగా తాపత్రయపడటానికి ఇదీ కారణం. కెనడా జెసూట్లు (కాథలిక్ మతగురువులు), బ్రిటిష్‌వారు, స్వీడన్‌వారు వచ్చారు. భారతీయులు పెద్ద సంఖ్యలో వచ్చారు.

వచ్చిన భారతీయుల్లో ఎక్కువమంది కేరళవారు. కేరళలో శిక్షణ పొందిన టీచర్లు అక్కడి ఉద్యోగాలకు మించి ఉన్నారు, ఇంగ్లిష్ వచ్చు, ఇల్లు వదలడానికి జంకు లేదు. దానికి తోడు కేరళలోని మలంకర ఆర్థోడాక్స్ చర్చీ ఇథియోపియా చర్చీ ఒకే క్రైస్తవ శాఖకు చెందినవి. 1956లో చక్రవర్తి భారతదేశంలో పర్యటించారు. 1965లో ఈ శాఖకు చెందిన చర్చిల పెద్దలంతా అడిస్ అబాబాలో సమావేశమయ్యారు. రాజకీయ స్నేహం, మతబంధుత్వం కలిసి బడి ఉద్యోగానికి బాట వేశాయన్నమాట. ఇక 1962లో అమెరికా పీస్ కోర్ అనే స్వచ్ఛంద సేవా సంస్థ పేరిట ఒకేసారి దాదాపు 300 మంది యువతీయువకులను పంపింది. దాంతో ఆ దేశపు సెకండరీ టీచర్ల సంఖ్య సుమారు రెట్టింపైంది. అసలు అక్కడ సెకండరీ టీచర్లు ఎంత తక్కువమంది ఉండేవారో ఇదొక్కటి చాలు చెప్పడానికి.

అమ్హారిక్ రాని మనిషి అక్కడ పాఠం ఎలా చెప్పగలిగాడు? ప్రాథమిక తరగతులు అమ్హారిక్‌లో నడిచేవి, పై తరగతులు ఇంగ్లిషులో. ఆ గీత దగ్గరే విదేశీ టీచరు నిలబడేవాడు. చిన్న తరగతుల్లో స్థానిక టీచరు, పెద్ద తరగతుల్లో భారతీయుడో అమెరికనో. రెండేళ్ల కిందటి దాకా అమ్హారిక్‌లో లెక్కలు చేసిన పిల్లవాడు ఉన్నట్టుండి త్రికోణమితిని ఇంగ్లిషులో, అదీ మలయాళపు యాసతో, వినాల్సి వచ్చేది. భారతీయ టీచర్లు ఈ గండం గట్టెక్కించడానికి మనకు బాగా అలవాటైన పద్ధతినే వాడారు. బోర్డు నిండా రాయడం, నోట్స్ చెప్పడం, లెక్కను మెట్టు మెట్టుగా విడగొట్టి పదే పదే చేయించడం. ఈ పద్ధతిని నేటి విద్యావేత్తలు బట్టీ అంటారు. ఆ పరిస్థితిలో, పాఠ్యపుస్తకాలు చాలని ఊళ్లలో, టీచరు బోర్డు మీద రాసిందే పిల్లవాడి చేతిలో పుస్తకమయ్యేది. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు.

కొత్తగా చేరిన టీచరును మొదట తికమకపెట్టేది సిలబస్ కాదు, గడియారం. ఇథియోపియాలో పగటి గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మనం ఉదయం ఎనిమిది అనే వేళ వాళ్లకు రెండు. కాబట్టి బడి రెండు గంటలకు అని ఎవరైనా చెబితే, మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా బయలుదేరిన కొత్త మాస్టారికి అప్పటికే పూట బడి అయిపోయి ఉంటుంది. క్యాలెండరు కూడా వేరే. ముప్ఫయ్యేసి రోజుల నెలలు పన్నెండు, చివర అయిదారు రోజుల పదమూడో నెల ఒకటి. కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న లేదా 12న వస్తుంది. సంవత్సర సంఖ్య మనం వాడే దానికన్నా ఏడెనిమిదేళ్లు వెనక. ఇక హాజరుపట్టీ తీస్తే అక్కడ ఇంటిపేర్లు ఉండవు. పిల్లవాడి పేరు, దాని పక్కన తండ్రి పేరు, అంతే. పెద్దవాళ్లనైనా వాళ్ల సొంత పేరుతోనే గౌరవవాచకం చేర్చి పిలుస్తారు.

తిండి విషయంలో మాత్రం భారతీయుడికి ఒక వెసులుబాటు దొరికింది. ఆర్థోడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలుగా పాటించి మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. ఆ రోజుల్లో ఏ చిన్న హోటల్లో కూర్చున్నా పులియబెట్టిన టెఫ్ పిండితో వేసిన ఇంజెరా, దాని మీద శనగపిండితో చేసిన షిరో, కందుల్లాంటి పప్పులు, ఆకుకూర దొరుకుతాయి. శాకాహారులకు అంతకన్నా ఏం కావాలి.

1974 విప్లవం చక్రవర్తిని దించేసింది. పై తరగతుల విద్యార్థులను, టీచర్లను గ్రామాలకు పంపిన ఉద్యమంలో బడులు కొన్నాళ్లు మూతపడ్డాయి. తర్వాతి సంవత్సరాల్లో హింస పెరిగింది. పీస్ కోర్ 1977లో వెళ్లిపోయింది. భారతీయుల్లో చాలామంది ఉండిపోయారు. పూలదండలు వేసి పిలిచిన రోజుల్లో ఎవరైనా వస్తారు. వీధుల్లో తుపాకులు పేలుతున్నప్పుడు కూడా గంట కొట్టగానే తరగతికి వెళ్లినవాళ్ల వల్లే ఆ దేశంలో భారతీయ టీచరు పేరు అంతగా నిలిచిందని నా నమ్మకం.

2004లో ఇథియోపియా మరో మార్గం ప్రయత్నించింది. దక్షిణాఫ్రికాలో తయారుచేయించిన ఇంగ్లిష్ పాఠాలను ఉపగ్రహం ద్వారా హైస్కూలు తరగతుల్లోని ప్లాస్మా టీవీలకు ప్రసారం చేసింది. విదేశీ టీచరు రాకుండానే అతని గొంతు మాత్రం వచ్చిందన్నమాట. అర్థం కాలేదని పిల్లవాడు చెయ్యెత్తితే ఆగని పాఠం అది. తరగతిలోని స్థానిక టీచర్లు టీవీ ఆన్ చేసే పనికి పరిమితమయ్యారన్న విమర్శ గట్టిగా వచ్చింది. ఆ సరికి భారతీయుల రాక బడుల నుంచి కళాశాలలకు మళ్లింది. 2000 తర్వాత కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా పుట్టినప్పుడు అధ్యాపకులుగా వెళ్లినవారిలో ఆంధ్ర, తెలంగాణల వారు చాలామందే ఉన్నారు. తెలుగువారికి ఇథియోపియా బాగా తెలిసింది ఈ రెండో దశలోనే.

భూటాన్, మాల్దీవులు

భూటాన్ 1961లో మొదటి పంచవర్ష ప్రణాళికతో రోడ్లు, బడులు మొదలుపెట్టింది. తొలినాళ్ల బడుల్లో భారతదేశపు పుస్తకాలతో హిందీలో పాఠాలు నడిచేవి. 1960లలోనే ఇంగ్లిషుకు మారారు. కెనడాకు చెందిన జెసూట్ విలియం మ్యాకీ అప్పటికే డార్జిలింగ్ కొండల్లో చాలాకాలం పనిచేసి, రాజకుటుంబం పిలుపుపై 1963లో తూర్పు భూటాన్ చేరాడు. కంగ్లుంగ్‌లో 1968లో వెలసిన షెరుబ్‌త్సే పాఠశాల ఆయన కృషితో ఎదిగి, తర్వాత దేశపు తొలి కళాశాల అయింది. ఆయన పేరు చరిత్రలోకి ఎక్కింది. భారతదేశం నుంచి వెళ్లి, రోడ్డు ఆగిన చోట నుంచి కాలినడకన కొండలెక్కి, మంచు కురిసే ఊళ్లలో ఏళ్లతరబడి ఒంటరిగా గడిపిన మామూలు టీచర్ల పేర్లు మాత్రం వాళ్ల శిష్యులకే తెలుసు.

భూటాన్ చేసిన తెలివైన పని ఏమిటంటే టీచర్ల శిక్షణ సంస్థలను తొందరగా పెట్టుకోవడం. సంత్సేలో 1968లో, పారోలో 1975లో అవి మొదలయ్యాయి. పాఠ్యపుస్తకాలను కూడా క్రమంగా తమ చరిత్ర, తమ పరిసరాలకు తగ్గట్టు మార్చుకున్నారు. భారతీయ టీచరు అవసరం ఆ మేరకు తగ్గుతూ వచ్చింది. విదేశీ టీచరు ఉద్యోగానికి ఇంతకన్నా మంచి ముగింపు లేదు.

మాల్దీవుల సంగతి వేరు. 1960ల మొదట్లో మాలే నగరంలో ఇంగ్లిష్ మాధ్యమం వచ్చినప్పుడు శ్రీలంక టీచర్లను తెచ్చారు, తర్వాత భారతీయులు పెరిగారు. తెలుగు బి.ఇడి.లకు దగ్గరలో దొరికే విదేశీ ఉద్యోగం అని ఈ దేశానికి పేరు. దాదాపు 200 జనావాస దీవుల్లో జనం విడివిడిగా ఉంటారు. కొన్ని దీవుల్లో కొన్ని వందల మందే. అంత చిన్న బడికి కూడా లెక్కలకూ ఫిజిక్సుకూ వేర్వేరు టీచర్లు కావాలి. స్థానికంగా అంతమంది దొరకరు. దివేహి భాష, ఇస్లాం మతబోధ స్థానికులు చెబుతారు, మిగిలిన సబ్జెక్టులు చాలావరకు బయటివారివి. పిల్లలు రాసేది కేంబ్రిడ్జ్ పరీక్షలు. ఇక్కడ జీతం కన్నా పెద్ద ప్రశ్న ఏకాంతం. సముద్రం పోటెత్తిన రోజున పడవ రాదు, పడవ రాకపోతే కూరగాయలు రావు. శుక్ర, శనివారాలు సెలవు. దీవి చుట్టూ నడిస్తే గంటలోపు బయలుదేరిన చోటికే వస్తాం. ప్రకృతి అందం నెల రోజులు అలరిస్తుంది. ఆ తర్వాత టీచరును నిలబెట్టేది పిల్లలే.

గల్ఫ్‌లో మన సిలబస్ బడులు

గల్ఫ్‌లో భారతీయ టీచరు చేరేది దాదాపుగా భారతీయుల కోసం పెట్టిన ప్రైవేటు బడుల్లో. కువైట్‌లో 1959లో, దుబాయిలో 1961లో ఇలాంటి బడులు మొదలయ్యాయి. సి.బి.ఎస్.ఇ. సిలబస్, ఫిబ్రవరి, మార్చి నెలల్లో బోర్డు పరీక్షలు, ఆగస్టు 15 జెండా వందనం. తరగతి గదిలోకి అడుగుపెడితే విదేశం గడప అవతలే ఆగిపోతుంది. గడప దాటి బయటికొస్తే మాత్రం వీసా, ఇకామా అనే నివాస అనుమతి, ఎండ.

ఈ బడుల్లో టీచర్లలో ఎక్కువమంది మహిళలు. భర్త ఉద్యోగరీత్యా వెళ్లి, ఆయన వీసా మీదే ఉంటూ బడిలో చేరినవారు వాళ్లలో చాలామంది. కుటుంబానికి ఎలాగూ ఒక జీతం ఉందన్న లెక్కతో యాజమాన్యాలు వీళ్లకు తక్కువ ఇస్తాయి. ఒకే నగరంలో బ్రిటిష్ సిలబస్ బడిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన టీచరుకు ఇల్లు, విమాన టికెట్లు, పిల్లలకు ఉచిత చదువు దక్కుతుంటే, అంతే పని చేసే భారతీయ బడి టీచరుకు అందులో పావు వంతు దక్కడం కూడా గగనం. ఫీజులు తక్కువ ఉండాలన్న తల్లిదండ్రుల ఒత్తిడి దీనికి ఒక కారణం. వాళ్లూ అదే గల్ఫ్‌లో చెమటోడ్చి సంపాదించేవాళ్లే. ఆ కారణం నిజమే అయినా, తగ్గింపు భారమంతా టీచరమ్మ జీతం మీదే వేయడం అన్యాయం. చట్టం ఇచ్చిన ఒక ఊరట చివర్లో వచ్చే గ్రాట్యుటీ. ఎమిరేట్స్‌లో మొదటి అయిదేళ్ల సర్వీసుకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజుల మూలవేతనం చొప్పున ఇవ్వాలి. అందుకే అగ్రిమెంటులో మొత్తం జీతం ఎంత అన్నదానితో పాటు మూలవేతనం ఎంత రాశారో చూడటం ముఖ్యం.

అమెరికా, బ్రిటన్

రెండో రకం పిలుపుకు పెద్ద ఉదాహరణ అమెరికా. అక్కడ చదువుకున్నవారు లేక కాదు టీచర్ల కొరత. లెక్కలు, సైన్సు చదివినవారికి బయట మంచి జీతాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే పని కష్టం. పేదలు ఎక్కువగా ఉండే నగర ప్రాంతాలకు, మారుమూల పల్లెలకు వెళ్లడానికి స్థానికులు ఇష్టపడరు. 2000 తర్వాత ఆ ఖాళీల కోసం బడి జిల్లాలు, వాటి తరఫు ఏజెన్సీలు హైదరాబాద్ సహా భారతీయ నగరాల్లో, మనీలాలో, జమైకాలో ఇంటర్వ్యూలు పెట్టాయి. జార్జియా రాష్ట్రంలోని నగర బడుల్లో పనిచేసిన భారతీయ టీచర్ల అనుభవాలపై అలిస్సా హాడ్లీ డన్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. ఈ విషయంపై ఆసక్తి ఉన్నవారు తప్పక చదవాల్సింది.

వెళ్లడానికి వీసా దారులు రెండు. జె-1 వీసా సాంస్కృతిక వినిమయం పేరిట మూడేళ్లకు ఇస్తారు, మరో రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. కనీసం రెండేళ్ల బోధనానుభవం ఉండాలి. గడువు ముగిశాక మళ్లీ అదే హోదాలో రావాలంటే రెండేళ్లు ఆ దేశం బయట గడపాలి. రెండోది సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు బాగా తెలిసిన హెచ్-1బి, ఆరేళ్లది. గ్రీన్‌కార్డు కోసం భారతీయుల వరస దశాబ్దాల పొడవున ఉంది కాబట్టి టీచరుకు ఆ ఆశ చాలా దూరం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము పెట్టారు. టీచరు ఏడాది జీతం కన్నా ఎక్కువైన ఆ మొత్తాన్ని ఏ పల్లె బడి భరించగలదు?

వెళ్లాక మొదటి నెలలో ఎదురయ్యేవి చిన్న చిన్న విషయాలే. మన దగ్గర పిల్లలు ఒక గదిలో కూర్చుంటే టీచర్లు గంటగంటకూ మారతారు. అక్కడి హైస్కూల్లో గది టీచరుది, గంట కొట్టగానే పిల్లలే మారతారు. లోపలికి రాగానే ఎవరూ లేచి నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అనరు. అది అమర్యాద కాదని అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది. లెక్కల మాస్టారు బోడ్‌మాస్ అంటే పిల్లలు ముఖముఖాలు చూసుకుంటారు. వాళ్లు అదే సూత్రాన్ని పెమ్‌డాస్ అని నేర్చుకున్నారు. మన బ్రాకెట్టు వాళ్లకు పేరెంథసిస్, మన జెడ్ వాళ్లకు జీ. సమీకరణంలో ఎక్స్, వై తర్వాత జెడ్ అనగానే తరగతి ఆగిపోతుంది. మార్కులు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. సాయంత్రానికి తల్లిదండ్రుల నుంచి ఈమెయిల్ వస్తుంది, ఈ ప్రశ్నకు అయిదుకు మూడే ఎందుకు వేశారని.

వీటన్నిటికీ అలవాటు పడొచ్చు. లోతైన ఇబ్బంది మరొకటి. 1975 నాటి చట్టం ప్రకారం వైకల్యమో, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందో ఉన్న ప్రతి పిల్లవాడికీ విడిగా ఒక విద్యాప్రణాళిక రాసి, దాన్ని కచ్చితంగా అమలు చేయాలి. ఒక పిల్లవాడికి పరీక్షలో అదనపు సమయం, ఇంకొకడికి ముందు వరసలో చోటు, మరొకడికి ప్రశ్న చదివి వినిపించడం. అరవై మంది ఉన్న తరగతిలో అందరికీ ఒకే పాఠం చెప్పి వచ్చిన మన టీచరుకు బి.ఇడి.లో దీనికి తగిన శిక్షణ ఇవ్వలేదు. ఇది నేర్చుకుని తిరిగొచ్చిన టీచర్లు మన బడులకు ఎంతో విలువైనవాళ్లు. వాళ్ల అనుభవాన్ని వాడుకునే ఏర్పాటు మాత్రం మన రెండు రాష్ట్రాల్లోనూ కనిపించదు.

బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్ బడుల కోసం 2023 ఫిబ్రవరిలో భారతదేశంతో సహా మరికొన్ని దేశాల టీచర్లకు, అక్కడ మళ్లీ శిక్షణ పొందే పని లేకుండా, అర్హత గుర్తింపు కోరుకునే అవకాశం తెరిచింది. అది అందరికీ కాదు. మన దేశం వరకు 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవారికే. కొరత ఉన్న చోటే తలుపు తెరిచారని స్పష్టంగా తెలుస్తోంది.

జపాన్, కొరియా దేశాలు ఇంగ్లిష్ సంభాషణ కోసం తెచ్చుకునే టీచర్లది మరో లోకం. జపాన్ 1987లో నాలుగు దేశాల నుంచి 848 మందితో మొదలుపెట్టిన జెట్ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ దిద్దేటప్పుడు జవాబు ఒప్పైతే సున్నా చుడతారు, టిక్కు కొడితే తప్పని అర్థం. తెలియక టిక్కులు కొట్టుకుంటూ పోయిన టీచరు తరగతి మొత్తాన్ని ఏడిపించగలడు. కొరియా ఈ ఉద్యోగాల వీసాను సాధారణంగా ఏడు దేశాల పౌరులకే ఇస్తుంది. ఇంగ్లిషులో జీవితాంతం పాఠాలు చెప్పిన భారతీయుడి కన్నా, ఏ శిక్షణా లేని యువకుడికి కేవలం పాస్‌పోర్టు చూసి పెద్దపీట వేయడం బోధనకే అవమానం.

ఏజెంట్లు, అగ్రిమెంట్లు

టీచరు వలసలో ఎక్కువ కన్నీళ్లు రాలేది తరగతిలో కాదు, ఏజెంటు ఆఫీసులో. 2007 నుంచి అమెరికాలోని లూసియానా బడులకు దాదాపు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్లను చేర్చిన ఒక ఏజెన్సీ, ఒక్కొక్కరి దగ్గర సుమారు 16,000 డాలర్ల దాకా వసూలు చేసింది. అప్పులు చేసి, పొలాలు కుదువపెట్టి కట్టినవాళ్లను, విమానం దిగాక కూడా జీతంలో వాటా ఇవ్వాలన్నారు. టీచర్లు కోర్టుకెక్కారు. 2012 డిసెంబరులో జ్యూరీ వారికి 45 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. అంతకు ముందు ఏడాది మేరీలాండ్ రాష్ట్రంలో ఒక బడి జిల్లా, తాను భరించాల్సిన వీసా ఖర్చులను విదేశీ టీచర్ల చేత కట్టించినందుకు దాదాపు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లించాల్సి వచ్చింది. థామస్ ఓడలో వెళ్లినవారికి ప్రయాణం ఖర్చు అమెరికా ప్రభుత్వమే పెట్టుకుంది. వందేళ్ల తర్వాత ఎదురుదిశలో వచ్చినవాళ్లు ఇలా మోయాల్సి వచ్చింది.

ఈ వలసకు నియమాలు పెట్టే ప్రయత్నం చిన్న దేశాల చొరవతో జరిగింది. ఇంగ్లండ్ తమ టీచర్లను తీసుకుపోతోందని కరీబియన్ దేశాలు ఆందోళన చెంది 2002లో బార్బడోస్‌లో చర్చ మొదలుపెట్టాయి. 2004 సెప్టెంబరు 1న కామన్వెల్త్ దేశాలు ఉపాధ్యాయ నియామక ఒప్పందాన్ని ఆమోదించాయి. విద్యాసంవత్సరం మధ్యలో టీచర్లను తీసుకుపోకూడదు, అర్హతలను సరిగా గుర్తించాలి, స్థానిక టీచర్లతో సమానమైన షరతులివ్వాలి అని అందులో ఉంది. చట్టబద్ధమైన బలం మాత్రం లేదు.

భారత చట్టంలో ఒక ఖాళీ ఉంది. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోకూడదు. కానీ విదేశాంగ శాఖ అనుమతి, దాంతో వచ్చే పరిశీలన, తప్పనిసరి బీమా ముఖ్యంగా పదో తరగతి దాటని కార్మికుల కోసం పెట్టినవి. డిగ్రీ ఉన్న టీచరు పాస్‌పోర్టుకు ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకోగలడన్నది చట్టం ఊహ. అమెరికాలో మోసపోయిన టీచర్లందరూ పట్టభద్రులే.

వెళ్లదలచినవారికి మొదటి పని సర్టిఫికెట్ల అటెస్టేషన్. డిగ్రీని విశ్వవిద్యాలయం సరిచూడటం, రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ. 2005 నుంచి భారత్ అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి అందులో ఉన్న దేశాలకు అంతటితో చాలు. ఎమిరేట్స్ వంటి చోట్లకు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. అమెరికాలో మరో చిక్కు వస్తుంది. మన మూడేళ్ల బి.ఎస్‌సి.ని వాళ్ల నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడకపోవచ్చు. బి.ఇడి. కూడా కలిపి మదింపు చేయించుకోవాలి. ఆపైన అక్కడి రాష్ట్రపు లైసెన్సు పరీక్ష అదనం.

తిరుగు ప్రయాణం

ప్రభుత్వ టీచరైతే ముందుగా అనుమతి తీసుకుని జీతం లేని సెలవుపై వెళ్లాలి. అనుమతి లేకుండా వెళ్లి ఏళ్లు గడిపి వస్తే ఉద్యోగమే మిగలదు. ప్రైవేటు టీచరుకు ఆ భద్రత కూడా లేదు. తిరిగొచ్చాక విదేశీ అనుభవాన్ని బయోడేటాలో మెచ్చుకుంటారే గాని జీతం లెక్కలో కలపరు. గల్ఫ్ నుంచి పిల్లల కాలేజీ చదువుల కోసం తిరిగొచ్చే టీచరమ్మలు యాభై ఏళ్లు దాటాక మళ్లీ మొదటి మెట్టు జీతానికి చేరడం చూస్తాం.

ఇక పంపే దేశాలు, తీసుకునే దేశాలు అన్న గీత కూడా చెరిగిపోతోంది. భూటాన్ 2019లో టీచర్లకు అదే స్థాయి చాలామంది ప్రభుత్వోద్యోగుల కన్నా ఎక్కువ దక్కేలా జీతం పెంచింది. అయినా సంత్సేలో, పారోలో శిక్షణ పొందిన టీచర్లు బడులు వదిలి ఆస్ట్రేలియాకు వెళుతున్నారు. అక్కడ చాలామంది చేసేది బడి పని కాదు. 2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలని యునెస్కో అంచనా. సంపన్న దేశం ఖాళీని నింపడానికి వెళ్లే ప్రతి టీచరు వెనక, ఎక్కడో ఒక ఊరి బడిలో లెక్కల పీరియడు ఖాళీగా ఉండిపోతుంది.